బాణీలు మారిన పాట: కర్నూలు, కడప సీమలో జనం మెచ్చిన గానం

ఒక ప్రాంతపు ప్రజలు తరతరాలుగా మెచ్చిన పాటలను వరుసపెట్టి చరిత్ర చెప్పబూనినవారికి మొదట ఎదురయ్యేది ఆధారాల లేమి కాదు, ఆధారాల అసమానత. పాటలో మాట ఒక సగం, బాణీ మరొక సగం అనుకుంటే, తాటాకుల మీద, రాగిరేకుల మీద, అచ్చుకాగితాల మీద నిలిచింది మొదటి సగమే. రెండో సగం పాడినవారి గొంతుతోనే పోయింది, లేదా విన్నవారి గొంతుల్లోకి చేరి ఆనవాలు పట్టలేనంతగా మారింది. తుంగభద్రకూ చెయ్యేటికీ నడుమనున్న మెట్టసీమ విషయంలో ఈ అసమానత మరీ ప్రస్ఫుటం. ఈ నేల పదాలను అపారంగా పుట్టించింది, వాటికి బాణీలను మాత్రం ప్రతి తరమూ కొత్తగా కట్టుకోవలసివచ్చింది. కనుక ఇక్కడ జనరంజకమైన పాటల చరిత్ర అంటే ప్రధానంగా బాణీలు పోగొట్టుకోవడం, మళ్ళీ కట్టుకోవడం అనే వ్యవహారపు చరిత్రే. దాన్ని చెప్పడానికి నేను ఎంచుకున్న పాటలు నాకు ఇష్టమైనవి. మరొకరు చెబితే ఎన్నిక వేరుగా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు.

ఆరంభం తాళ్ళపాకతోనే చెయ్యాలి. రాజంపేటకు చేరువలోని ఆ పల్లెలో 1408లో పుట్టిన అన్నమాచార్యుడు, 1503లో కన్నుమూసేవరకు తిరుమలేశుని మీద ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పాడని ఆయన మనుమడు చిన్నన్న ద్విపద చరిత్రలో రాశాడు. అందులో నేడు మనకు దక్కినవి సగానికి లోపే. ఆ దక్కడమైనా కుటుంబపు పూనిక వల్ల సాధ్యమైంది. కుమారుడు పెద తిరుమలాచార్యుడు తండ్రి పదాలను, తనవాటిని రాగిరేకులకెక్కించి, తిరుమల ఆలయంలోనే ఒక అరలో భద్రపరిచాడు. ప్రతి పాట తలపైనా రాగం పేరు చెక్కించినవారు స్వరాన్ని చెక్కించలేదు. ఆ రాగం అంటే ఏమిటో, ఆ పదం ఆ రాగంలో ఎలా నడుస్తుందో తెలిసినవారు ఇంట్లోనే ఉండగా, స్వరం రాయవలసిన అగత్యం వారికి తోచి ఉండదు. పైగా ఆ కాలపు గానసంప్రదాయంలో స్వరలేఖనం శాస్త్రగ్రంథాలకు పరిమితమైన విషయమే గాని, భక్తుని పాటకు చేసే ఉపచారం కాదు.

1565 నాటి యుద్ధం తర్వాత విజయనగరం కుప్పకూలడం, ఆలయానికి రాజాదరణ సన్నగిల్లడం, తాళ్ళపాకవారి గాయకవంశం క్రమంగా పలచబడడం అన్నీ కలిసి, ఆ రాగిరేకులను తెరిచి పాడేవారు లేని స్థితికి తెచ్చాయి. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంబెల్ దొర తిరుపతి రాగిరేకుల ఊసెత్తాడు గాని, వాటిలో ఉన్నది పాట అన్న ఎరుక ఆనాటి పండితులకు ఎంతమేరకు ఉందో సందేహమే. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు వాటిని చదివి, పరిష్కరించి, తిరుమల తిరుపతి దేవస్థానం పక్షాన ప్రకటించేదాకా అన్నమయ్య తన సొంత జిల్లాలోనే దాదాపు వినపడని కవి. దీనికి ఎవరినీ నిందించలేము. రేకులను దాచినవారు తమ విధిని నిర్వర్తించారు. స్వరాన్ని దాచే సాధనం ఆనాడు మనిషే, మనిషికి ఆయుర్దాయం పరిమితం.

ఆ మూడు నాలుగు శతాబ్దాల మౌనంలో సీమ పాట లేకుండా ఉందనుకోవడం పొరపాటు. ఆలయం నుంచి రాజాదరణ తొలగిన కాలంలోనే పాట ఆలయం వెలుపలి అరుగు మీదికి వచ్చింది. బనగానపల్లె రవ్వలకొండలోను, కందిమల్లాయపల్లెలోను తిరుగాడిన పోతులూరి వీరబ్రహ్మం పేర వెలసిన తత్వాలు, ఆయన శిష్యుడైన దూదేకుల సిద్దయ్య పేర వెలసినవి, ఏ రాగిరేకుల ఆసరా లేకుండా బ్రతికాయి. బ్రహ్మంగారి పేర చెలామణి అయ్యే కాలజ్ఞాన వచనాల్లో తర్వాతి తరాలవారు చేర్చినవి ఎన్నో, అసలువి ఎన్నో తేల్చడం విమర్శకులకు ఇప్పటికీ కష్టమే. అయితే కల్తీ అని మనం ఈసడించే ఆ చేరికే తత్వాన్ని బ్రతికించింది. పాడిన ప్రతివాడూ దాన్ని తన కాలానికి సరిపెట్టుకున్నాడు. ఒక కంసాలి గురువుకు ఒక ముస్లిం శిష్యుడు దొరకడం, వారిద్దరి పాటలను రెడ్లూ బోయలూ మాలలూ ఒకే భజనలో పాడడం అనేవి కులం గట్టిపడిన సమాజంలో చిన్న విషయాలు కావు. అయినా ఆ భజన ముగిశాక ఎవరి వీధికి వారు వెళ్ళారన్నది కూడా చరిత్రే. పాట చేసిన పనిని తక్కువ చెయ్యనక్కర లేదు, లేని పనిని దానికి అంటగట్టనూ అక్కర లేదు.

ఈ తత్వాల బాణీ ఎలా నిలిచింది అన్నదానికి సమాధానం పల్లెల్లోని చెక్కభజనలో దొరుకుతుంది. చెక్క అంటే ఒకే చేతిలో ఇమిడే రెండు కొయ్యపలకలు, వాటి గాళ్ళలో గుచ్చిన లోహపు బిళ్ళలు. వేళ్ళు ముడిచి విప్పినప్పుడల్లా కొయ్య టక్కున, బిళ్ళ గల్లున, రెండు చప్పుళ్ళు ఒక్కసారి పుడతాయి. రాములవారి గుడి ముందు పదిహేను ఇరవైమంది కాళ్ళకు గజ్జెలు కట్టి వలయంగా నిలిస్తే, నడుమ గురువు పాట ఎత్తుకుంటాడు, తక్కినవారు అందుకుంటారు. అడుగు మారవలసిన చోట గురువు నోటితో చెప్పడు, చెక్కతో చెబుతాడు. ఈ ఏర్పాటులో పాటకు అడుగే స్వరలేఖనం. పాదం తప్పితే వలయం చెదురుతుంది గనుక బాణీ మరీ దూరం పోలేదు. కాని ఊరికో గురువు, గురువుకో అడుగు గనుక, ఒక్క తత్వానికే పది ఊళ్ళలో పది నడకలు. చావు జరిగిన ఇంటి ముందు రాత్రంతా పాడే నిదానపు నడకకూ, శ్రీరామనవమినాడు వీధుల్లో పాడే ఉరవడికీ మాటలు ఒకటే. నాకు మొదటిదే ప్రీతి. తంబుర ఒక్కటే తోడుగా, గొంతు పెగలని ముసలివారు పాడినప్పుడు తత్వంలోని అర్థం తన ఎత్తున తాను నిలబడుతుంది.

1800లో నిజాము ఈ మండలాలను కుంఫిణీకి దత్తం చేశాడు. ఆ మార్పు పాటకు కొత్త వస్తువును ఇచ్చింది. పాలెగాండ్ల పెత్తనం మూలబడి, కుంఫిణీ అధికారి మన్రో పద్ధతి ప్రకారం రైతువారీ లెక్కలు స్థిరపడిన తరువాత, తరిగిపోయిన తవర్జీల (పాలెగాండ్ల పింఛన్ల) మీద పుట్టిన అసంతృప్తి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా పరిణమించింది. కోయిలకుంట్ల ఖజానా మీద దాడితో మొదలై, నల్లమల అంచుల్లో పోరుగా సాగి, 1847 ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో ఉరికొయ్యతో ముగిసిన ఆ కథను జిల్లా దస్తావేజులు ఒక తీరున చెబుతాయి, ఆ కోయిలకుంట్ల ప్రాంతమైన రేనాటి కోలాటపు పాటలు మరొక తీరున చెబుతాయి. దస్తావేజుల్లో ఆయన పింఛను గురించి తగవుపడిన దోపిడీదారు, పాటలో దొర. చరిత్రకారుడు ఈ రెంటిలో ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మడు. ఆ తిరుగుబాటుకు వ్యక్తిగతమైన నష్టమే నిప్పురవ్వ అయినా, వేలమంది ఆయన వెంట నడవడానికి అది చాలదు. పన్నుల భారం, ఊరి కావలి మాన్యాల రద్దు వంటి కారణాలు వెనుక ఉండితీరాలి. పాట ఆ కారణాలను చెప్పదు, ఆ కారణాలు పుట్టించిన ఆగ్రహాన్ని మాత్రం చెక్కుచెదరకుండా దాచింది.

అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో గంజికేంద్రాలు నడిపి వేలమంది ప్రాణాలు నిలిపాడు. ఆయన మీద కూడా పాటలు కట్టారు. వీరుణ్ణి, దాతను ఒకే జనం ఒకే కాలంలో, ఒకే తీరున గానం చెయ్యడం గమనార్హం. తంగిరాల వెంకట సుబ్బారావు ఈ ఇద్దరి గాథలను సేకరించి, 'రేనాటి సూర్యచంద్రులు' అని పేరు పెట్టారు. వీరగాథ విన్నప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది, కాదనను. అయితే నా ఎన్నిక దాతగాథ. పదేళ్ళకే ధాత కరువు వచ్చి సీమను తుడిచిపెట్టబోతున్నదని ఎరుగని జనం, ఒక కరువు నుంచి గట్టెక్కిన ఊరటతో కట్టుకున్న పాట అది. అందులో గర్వం తక్కువ, తేరుకున్న ప్రాణపు తడి ఎక్కువ. ఈ గాథలను సేకర్తలు మాటలుగా అచ్చువేశారు. బాణీలను మాత్రం పాడినవారే తమతో తీసుకువెళ్ళారు.

పందొమ్మిదో శతాబ్దపు చివరి పాదంలో పాటకు ఒక కొత్త వేదిక ఏర్పడింది, అదీ రెండు చోట్ల, రెండు భిన్నమైన తరగతుల పూనికతో. దత్తమండలాల న్యాయవాదులకు ముఖ్యపట్టణం లాంటి బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభను పెట్టి, 'చిత్రనళీయం' మొదలైన నాటకాలు రాసి, వాటిలో పాటలను చొప్పించాడు. పార్శీ, ధార్వాడ బృందాల పాటలను చెవినిండా విన్న పట్టణప్రేక్షకులకు తెలుగులో అలాంటి విందు కావలసివచ్చింది, ఆయన దాన్ని సమకూర్చాడు. 1885 ప్రాంతంలో కడప జిల్లా సురభి గ్రామంలో, మరాఠీ మూలాలు గల తోలుబొమ్మలాటల కుటుంబానికి చెందిన వనారస గోవిందరావు, బొమ్మల స్థానంలో మనుషులను నిలిపి 'కీచకవధ' ఆడించాడు. బళ్ళారివారు విద్యావంతులు, వారిది వ్యాసంగం, సురభివారిది జీవిక. ఈ భేదం వల్లనే సురభివారి నాటకంలో ఆడవారు ఆడవేషాలు కట్టారు, పసిపిల్లలకు మాటలకన్నా ముందు పద్యం వచ్చింది, హార్మోణియం పెట్టె ఎడ్లబండిలో ఇంటిసామానుతోపాటు ఊరూరా తిరిగింది.

హార్మోణియం చేసిన మేలునూ కీడునూ కలిపి తూచాలి. శ్రుతిని గాలికి వదలకుండా పట్టి ఉంచి, పెద్ద దీపాల వెలుతురులో వేలమందికి వినపడేలా గొంతు విప్పడం నేర్పింది అదే. తెలుగు రాగపు గమకాన్ని మెట్లుమెట్లుగా కోసి, మధ్యనున్న సూక్ష్మతలను మింగిందీ అదే. దాని ఆధిక్యంలో పద్యనాటకం ఒక విచిత్రమైన స్థితికి చేరింది. పద్యం కవిది, రాగం నటుడిది. ప్రేక్షకుడు డబ్బులిచ్చేది ప్రధానంగా రెండోదానికే. 'వన్స్ మోర్' అన్న కేక లేచినప్పుడు, చనిపోయిన పాత్ర లేచి మళ్ళీ పద్యం పాడి తిరిగి చనిపోయిన ఉదంతాలు సీమ పల్లెల్లో హాస్యానికి చెప్పుకునేవి కావు, జరిగేవి. ధర్మవరంవారి మేనల్లుడు బళ్ళారి రాఘవ ఈ రాగాలాపనను నటనకు అడ్డంకిగా భావించి, సంభాషణకు, భావానికి ప్రాధాన్యమిచ్చాడు. కళాదృష్టితో చూస్తే ఆయన వాదన సమంజసం. కాని జనం ఆయన నటనను గౌరవించి, రాగాన్ని ప్రేమించారు. జాతరల్లో 'కురుక్షేత్రం', 'సత్యహరిశ్చంద్ర' నాటకాలకు తెల్లవారేదాకా కూర్చునే శ్రోతను కర్నూలు జిల్లాలో నేటికీ చూడవచ్చు. ఆ శ్రోత కథ కోసం రాడు, అది అతడికి కంఠపాఠం. ఫలానా నటుడు ఫలానా పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటాడో వినడానికి వస్తాడు.

1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో సురభి కమలాబాయి లీలావతి పాత్ర ధరించడంతో ఈ రంగస్థల గానం తెర మీదికి చేరింది. ఆ చేరికతో అంతవరకు లేని ఒక పరిణామం సంభవించింది: ఒకసారి పాడింది మారదు. రికార్డు మీద గీసిన గీత, ఫిల్ము అంచున పడిన ముద్ర, నటుడి చపలత్వానికి గాని ఊరి అడుగుకు గాని లొంగవు. సీమలో తొలిసారి మాటతోపాటు బాణీ కూడా నిలిచింది. ఈ మార్పును అందరికన్నా లోతుగా గ్రహించి వినియోగించుకున్నవారు ఈ మెట్టనేలవారే కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

పులివెందుల ప్రాంతంలో పుట్టిన బి.ఎన్. రెడ్డి, ఆయన తమ్ముడు బి. నాగిరెడ్డి, తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి, పెట్టుబడి సమకూర్చిన మూలా నారాయణస్వామి, వీరందరూ కలిసిన వాహినీ సంస్థ 1939లో 'వందేమాతరం'తో మొదలై, తరువాత పుట్టిన విజయా సంస్థతో కలిసి రెండు దశాబ్దాలపాటు తెలుగువారి చెవిని తీర్చిదిద్దింది. పంటలు నమ్మదగనివైన చోట, నూనెగింజలు, పత్తి, వర్తకాల మీద కూడబెట్టిన డబ్బు భూమికి కాక మద్రాసు వైపుకు వెళ్ళడం సహజం. డబ్బుతోపాటు అభిరుచి కూడా వెళ్ళింది. కె.వి. రెడ్డి మొదటి చిత్రాలుగా పోతనను, వేమనను (1947) ఎన్నుకోవడంలో ఈ అభిరుచి ముద్ర కనబడుతుంది. పోతన ఓరుగల్లువాడా, ఒంటిమిట్టవాడా అన్న వాదం అప్పటికే వేడిగా ఉంది, చిత్రం దాన్ని తీర్చలేదు. ఆ రెండింటా పాడి నటించిన చిత్తూరు నాగయ్య పుట్టింది గుంటూరు మండలంలోనే అయినా, గొంతు పండింది చిత్తూరు రంగస్థలం మీద.

1951 సీమవారి సినిమాకు మేలిమి సంవత్సరం. మార్చిలో 'పాతాళభైరవి', డిసెంబరులో 'మల్లీశ్వరి'. మొదటిదానికి ఘంటసాల బాణీలు కడితే, రెండోదానికి సాలూరి రాజేశ్వరరావు కట్టాడు. మొదటిది ఊరూవాడా పాడుకున్నది, రెండోది వినగలిగినవారు దాచుకున్నది. దేవులపల్లి కృష్ణశాస్త్రి పదాలకు రాజేశ్వరరావు నెలల తరబడి స్వరాలు వెతికాడు, బి.ఎన్. రెడ్డి ఆ జాప్యాన్ని భరించాడు. నిర్మాత లెక్కలో అది దుబారా. పదానికి బాణీ పుట్టడానికి కావలసినంత కాలాన్ని ఒకరు డబ్బిచ్చి కొనిపెట్టడం మాత్రం ఈ సీమ గానచరిత్రలో నాకు కనిపించిన తొలి ఉదాహరణ. రాయలకాలపు ఇతివృత్తం గల ఆ చిత్రంలో భానుమతి, ఘంటసాల పాడిన పాటలు నా ఎన్నికలో మొదటి వరుసలో ఉంటాయి. 'మాయాబజార్' (1957) వాటికి ఏమీ తీసిపోదనేవారితో తగవు పెట్టుకోను. ఆ చిత్రంలో నాలుగు పాటలకు రాజేశ్వరరావు వరసలు కట్టి తప్పుకోగా, ఘంటసాల వాటికి వాద్యసమ్మేళనం కూర్చి, తక్కినవాటికి తానే బాణీలిచ్చి, తన పేరుతో ముగించాడు. బాణీ నిలిచింది, అది ఎవరిదో చెప్పడం మాత్రం కొత్త చిక్కుగా తయారైంది.

మద్రాసులో తయారైన ఈ పాట తిరిగి సీమకు చేరింది టూరింగు టాకీసుల ద్వారా, ఆపై రేడియో ద్వారా. సిలోను నుంచి మీనాక్షి పొన్నుదొరై గొంతుతో వచ్చే తెలుగు పాటల కోసం హోటళ్ళ ముందు గుమికూడిన తరానికి, 1963లో మొదలైన కడప ఆకాశవాణి సొంత కేంద్రమైంది. మొదట ఇతర కేంద్రాల కార్యక్రమాలను అందించడంతో సరిపెట్టుకుని, తరువాత స్థానిక గాయకులకు ఆడిషన్ పెట్టి మైకు ముందు కూర్చోబెట్టింది. ఆ ఆడిషన్ చేసిన మేలును ఒప్పుకుంటూనే ఒక సంగతి చెప్పాలి. అరగంట కాలానికి, స్టూడియో నిశ్శబ్దానికి కుదించినప్పుడు చెక్కభజన తన అడుగును కోల్పోతుంది. అడుగు లేని భజన లలితగీతంలా వినపడుతుంది. ఆకాశవాణి భజనను దాచింది, దాస్తూ మార్చింది.

రెండు యుగాల సంధిని ఒక్క పాటలో వినదలచినవారికి నేను చూపించేది 1966 డిసెంబరు 15న మద్రాసులో రికార్డయిన ఒక పాట. కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టి, పసితనంలోనే నాటకపద్యాలు పాడి, హాస్యనటుడిగా స్థిరపడిన పద్మనాభం, నిర్మాతగా మారి 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' తీశాడు. ఎస్.పి. కోదండపాణి సంగీతంలో ఆ పాటను పాడినవారు నలుగురు: పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య, అనంతపురం ఇంజనీరింగు కళాశాలలో చేరి జబ్బుచేసి చదువు మానుకున్న ఒక ఇరవయ్యేళ్ళ యువకుడు. అప్పటికి ఎవరూ ఎరుగని ఆ యువకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. పద్యనాటకానికి శిఖరప్రాయుడైన రఘురామయ్య గొంతు పక్కన, రాబోయే అర్ధశతాబ్దిని ఏలవలసిన గొంతు, ఇంకా బెరుకుతో, జాగ్రత్తగా అడుగు వేస్తూ వినపడుతుంది. ఆ కాలంలో కొత్తవాడికి అవకాశమివ్వడం నిర్మాతకు లాభసాటి పని కాదు. పద్మనాభం తరువాతి కాలంలో ఆర్థికంగా దెబ్బతిన్నా, ఈ ఒక్క నిర్ణయానికి తెలుగు పాట ఆయనకు ఋణపడి ఉంది. బాలసుబ్రహ్మణ్యం తన తొలి నిర్మాత పేరును వేదికల మీద ఎన్నడూ మరువలేదు.

ఇదంతా జరుగుతుండగా రాగిరేకుల అన్నమయ్య మళ్ళీ పాటగా లేస్తున్నాడు. ఆయన్ను లేపినవారిలో ఇద్దరికి ఈ సీమతో సంబంధం ఉంది, ఒకరికి పుట్టుక వల్ల, మరొకరికి నివాసం వల్ల. అనంతపురం మండలంలోని రాళ్ళపల్లిలో 1893లో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు చెప్పిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో తిరుపతికి వచ్చి సంకీర్తనలను పరిష్కరించి, వాటికి స్వరాలు కట్టాడు. వేమన మీద ఉపన్యాసాలిచ్చిన విమర్శకుడే స్వరకర్త కావడం వల్ల, ఆయన బాణీలో పదం ముందు నడుస్తుంది, రాగం ఒక అడుగు వెనుక నిలిచి దాన్ని కాస్తుంది. 1979 మార్చి 11న, దేవస్థానం ఆయనను ఆస్థానవిద్వాంసుడిగా గౌరవించిన దినాన్నే ఆయన కన్నుమూశాడు.

రెండవవాడు శ్రీపాద పినాకపాణి. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన ఈ వైద్యుడు, ఉద్యోగరీత్యా కర్నూలు వైద్యకళాశాలకు వచ్చి, ఆ ఊళ్ళోనే స్థిరపడి, నూరవ ఏట 2013లో అక్కడే తనువు చాలించాడు. వైద్యవృత్తి వల్ల సంగీతం మీద ఆధారపడి బ్రతకవలసిన అవసరం ఆయనకు లేకపోయింది. కచేరీల సంఖ్యకోసం పాకులాడక, విన్నది విన్నట్టు స్వరపరచడం మీద ఆయన జీవితం గడిపాడు. దేవస్థానం ప్రకటించిన 'సంగీత సౌరభం' నాలుగు సంపుటాల్లో, గమకం ఎక్కడ ఊగాలో, ఎక్కడ ఆగాలో కూడా రాసే ప్రయత్నం ఉంది. రోగి నాడిని లెక్కపెట్టిన అలవాటు ఆ రాతలో కనిపిస్తుందనడం అతిశయోక్తి కాదు. 1983లో సంగీత కళానిధి బిరుదు పొందిన ఈయన మీద ఒక ఆక్షేపణ లేకపోలేదు: తంజావూరు బాణీని తెచ్చి ఆంధ్రుల గొంతుల మీద రుద్దాడని. ఆక్షేపణలో కొంత నిజముంది. ఆయన స్వయంగా ఆ బాణీ ఔన్నత్యాన్ని దాచుకోలేదు. అయితే హార్మోణియపు మెట్లకు అలవాటుపడిన ఆంధ్ర గానానికి గమకాన్ని తిరిగి అలవాటు చెయ్యడానికి మరొక దారి ఆనాడు ఉన్నదా అంటే, నాకు కనిపించదు. విశాఖలో ఆయన వద్ద శిక్షణ పొందిన నేదునూరి కృష్ణమూర్తి 'నానాటి బ్రతుకు' సంకీర్తనను రేవతి రాగంలో కూర్చగా, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో అది దేశమంతటా వినిపించింది. రాజంపేట పల్లెలో పుట్టిన మాట, శతాబ్దాలపాటు రాగి మీద మౌనంగా ఉండి, విశాఖలో గమకం నేర్చిన గొంతుల మీదుగా సుబ్బులక్ష్మి కంఠానికి చేరిన ఈ ప్రయాణంలో, అన్నమయ్య ఈ బాణీని వింటే తనదేనంటాడా అన్న ప్రశ్న అడగదగినదే, జవాబు దొరికేది కాకపోయినా.

తరువాతి తరం ఈ ప్రశ్నను అడగలేదు. 1978 తర్వాత దేవస్థానపు అన్నమాచార్య ప్రాజెక్టు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి గాయకుల సుగమమైన బాణీలు, ఇంటింటికీ క్యాసెట్లు, అన్నిటినీ మించి 1997లో రాఘవేంద్రరావు తీసిన 'అన్నమయ్య' చిత్రం, కీరవాణి సంగీతం కలిసి ఆ కవిని పెళ్ళిపందిట్లో, బస్సులో, బడి వార్షికోత్సవంలో నిలబెట్టాయి. చరిత్రతో ఆ చిత్రం తీసుకున్న స్వేచ్ఛ తక్కువేమీ కాదు. దాని పుణ్యాన తాళ్ళపాక ఎక్కడుందో తెలిసినవారి సంఖ్య మాత్రం పండిత పరిష్కరణలన్నీ కలిసి సాధించినదానికన్నా అధికం. బ్రహ్మంగారి విషయంలో 1984లో ఎన్.టి. రామారావు తీసిన చిత్రం ఇలాంటి పనే చేసింది. పది ఊళ్ళలో పది నడకలుగా ఉన్న తత్వాలకు సుసర్ల దక్షిణామూర్తి సంగీతంలో ఒకే నడక ఏర్పడి, భజనగురువులు సైతం దాన్ని అనుసరించడం మొదలుపెట్టారు. లాభమెంతో నష్టమూ అంతే. ఈ చిత్రం తర్వాతి క్యాసెట్ల మీద పెరిగినవారికి ఆ తత్వానికి మరొక బాణీ ఉండేదని చెప్పినా నమ్మకం కలగదు.

ఫ్యాక్షను కథల వెల్లువలో రెండు దశాబ్దాలు తెలుగు సినిమా సీమ యాసను బాంబుల చప్పుడుకు నేపథ్యంగా వాడుకున్నది. ఆ కాలపు పాటల్లో నేను ఎన్నుకోదగినవి కొద్ది. 2018లో ఈ స్థితి కొంత మారింది. కడప సీమ నుంచి వచ్చిన పెంచల్ దాస్ 'కృష్ణార్జున యుద్ధం' కోసం తానే రాసి తానే పాడిన 'దారి చూడు', అదే ఏడు 'అరవింద సమేత వీరరాఘవ'లో ఆయన రాయగా మోహన భోగరాజు పాడిన 'రెడ్డమ్మ తల్లి', సీమ మాటను మాత్రమే గాక సీమ నడకను కూడా తెరకు తెచ్చాయి. రెండో పాటలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ శోకాన్ని, చావు ఇంటి ముందు ఆడవారు శోకాలు పెట్టే తీరుకు దగ్గరగా నడిపించడం ఫ్యాక్షను చిత్రానికి ఒక విధమైన ప్రాయశ్చిత్తం. మరుసటి ఏడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద వచ్చిన 'సైరా'కు అమిత్ త్రివేది బొంబాయి నుంచి బాణీలు కట్టాడు. కోలాటపు పాటగా నూట డెబ్భై ఏళ్ళు రేనాడులో నడిచిన కథకు, కోట్ల ఖర్చుతో తీసిన చిత్రంలో రేనాటి బాణీ అక్కరకు రాలేదు. అది త్రివేది లోపం కాదు, ఆయన పనిని ఆయన నిపుణంగానే చేశాడు. ఆ బాణీని అచ్చులో గాని రికార్డులో గాని నిలిపి, ఇదిగో అని అందించగలిగినవారు సీమలో ఎందరున్నారన్నదే అసలు సంగతి.

ఇక ఈనాటి వివాదాలు మాట గురించి తక్కువ, బాణీ గురించి ఎక్కువ. గుత్తి ప్రాంతపు తండాలో పుట్టి, తిరుపతిలో సంగీతం చదివి, తెలంగాణ పాటలతో పేరు తెచ్చుకున్న మంగ్లీ 2021లో 'లవ్ స్టోరీ' కోసం పాడిన 'సారంగ దరియా' మీద, ఆ జానపదాన్ని ముందు వెలికితీసినది ఎవరన్న తగవు బహిరంగంగానే జరిగింది. అదే ఏడు 'శ్రీకారం'లో పెంచల్ దాస్ పాట సీమ పల్లెపదాల మీదుగా వచ్చి కోట్లమందికి చేరింది. పల్లెపదానికి హక్కుదారు ఎవరు అన్న ప్రశ్నకు మన చట్టంలో తిన్నని సమాధానం లేదు. పదం పాడిన అవ్వకు గాని, దాన్ని సేకరించిన పరిశోధకుడికి గాని, తెరకెక్కించిన సంగీతకర్తకు గాని, ఎవరికి ఎంత అన్నది తేల్చే లెక్కను తాళ్ళపాకవారు ఎదుర్కొనవలసిన అగత్యం రాలేదు, సురభివారికి తోచలేదు. కర్నూలు, కడప జిల్లాల భజనగురువులు మాత్రం ఇప్పుడు తమ పాటను ఫోనులో ఎక్కించనివ్వడానికి ముందు, అది ఎక్కడికి పోతుందని అడుగుతున్నారు.